సమస్యాపూరణం: లేతకంటె ముదురు లేతదయ్యె

సమన్వయకర్త: ఈసారి వస్తువు వెబ్ పేజీల్లో రంగులు, పారదర్శకత. కింది పాదం ఆటవెలదికి చివరిది. సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీల రూపురేఖలు నిర్ణయించే భాషలో) నిజంగా జరిగేదే చెప్పి పూరించాలి. స్వప్నంలోనో, మాయవల్లనో అయిందని తప్పించుకోకండి.

*లేతకంటె ముదురు లేతదయ్యె*

పూర్ణిమ:

గ్రేకు నడిమి మెట్టు గిరిగీసి యుంచిరి
ముదురు పేరుతోడ మొలిచె నొకటి
అంకె చూడ నదియె యధికమై వెలుగంగ
లేతకంటె ముదురు లేతదయ్యె

గ్రే అంటే మూడు రంగులూ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) 128. సున్నా అయితే నలుపు, 255 అయితే తెలుపు. డార్క్‌గ్రే అంటే మూడూ 169. పేరు ముదురు, రంగు లేత!

పాతచూపు: ధార బాగుంది పూర్ణిమ గారూ. ఈ తిరకాసుకు కారణం రెండు పట్టికలు కలవడం. ఎక్స్11 (యూనిక్స్ కంప్యూటర్ల విండో వ్యవస్థ) పట్టికలో గ్రే 190, కాబట్టి 169 అక్కడ న్యాయంగానే ముదురు. సీఎస్ఎస్ మాత్రం గ్రేని హెచ్‌టీఎంఎల్ పదహారు రంగుల నుంచి తీసుకుని, డార్క్‌గ్రేని ఎక్స్11 నుంచి తెచ్చుకుంది. ఇక పూరణ సంగతి. గ్రేని ఎవరూ లేత అనలేదు కదా! అసలు లేత లైట్‌గ్రే, 211. దాన్ని డార్క్‌గ్రే దాటలేదు. "లేతకంటె" అన్న మాటకు అన్వయం కుదరలేదు.

కొత్తకలం: మొదటి ప్రయత్నం, పెద్దలు చూడగలరు.

పెట్టె పలుచ చేయ లోనున్న యక్షరాల్
నలుపు వీడి తామె నలిగి పోయె
బయట నున్న లేత పలుకుతో పోల్చగా
లేతకంటె ముదురు లేతదయ్యె

పాతచూపు: మొదటి పాదంలో యతి తప్పింది, "పె"కు "లో" చెల్లదు. "పెట్టె పలుచ చేయ బిడ్డలౌ నక్షరాల్" అంటే సరిపోతుంది, పైగా పేరెంట్, చైల్డ్ ఎలిమెంట్ల (బయటి పెట్టె, దాని లోపలి భాగాల) సంబంధం కూడా పద్యంలోకి వస్తుంది. భావం మాత్రం భేష్.

కొత్తకలం: ధన్యవాదాలండీ. మరి అక్షరాలకు విడిగా ఒపాసిటీ (పలుచదనాన్ని నిర్ణయించే అంకె; 1 అంటే పూర్తి చిక్కన) 1 ఇస్తే నలుపు తిరిగొస్తుందా?

పాతచూపు: రాదు. ఒపాసిటీ పెట్టెను లోపలి సరుకుతో సహా ఒకే బొమ్మగా చేసి పలచబరుస్తుంది. నేపథ్యం ఒక్కటే పలచబడాలంటే ఆ రంగులోనే ఆల్ఫా (ఆ ఒక్క రంగు చిక్కదనం చెప్పే అంకె) ఇవ్వాలి.

రంగవల్లి: ఆ ఆల్ఫా మీదే నా పూరణ. ఛందస్సు కోసం దీర్ఘం కుదించాను.

తెల్లపుటకు పైన తేలిన నలుపుకు
ఆల్ఫ పదవ పాలె యబ్బినంత
లేత బూది రంగు లెక్కలో నోడగా
లేతకంటె ముదురు లేతదయ్యె

పాతచూపు: ఇదీ పూరణ అంటే! తెలుపు మీద పదోవంతు నలుపు పడితే మిగిలేది 255లో పదింట తొమ్మిది పాళ్లు, సుమారు 230. లైట్‌గ్రే 211 దగ్గరే ఆగింది. లేత కూడా నిజంగా లేతే, ముదురు కూడా నిజంగా ముదురే.

పూర్ణిమ: నల్ల పుట మీద అదే ఆల్ఫా ఇస్తే పద్యం చెల్లదుగా?

పాతచూపు: చెల్లదు, నలుపు మీద నలుపే. అందుకే "తెల్లపుటకు" అన్న మాట పాదపూరణకు వేసింది కాదు. అది తీసేస్తే పద్యం కూలుతుంది.

నీలాంబరి: ఆలస్యంగా నాదీ ఒకటి. రంగును వర్ణం, గాఢత, వెలుగు అనే అంకెలతో చెప్పే హెచ్ఎస్ఎల్ పద్ధతిలో:

పసుపు వెలుగు దించి పట్టించి నలువది
నీలి కరువ దిచ్చి నిలిపి చూడ
కంటి తీర్పు వేరు, గణితంబు వేరుగా
లేతకంటె ముదురు లేతదయ్యె

రంగవల్లి: మూడో పాదం నాకు చాలా నచ్చింది. నలభై శాతం పసుపే కంటికి వెలుగుతుంది, అరవై శాతం నీలం ముదురుగానే కనిపిస్తుంది. హెచ్ఎస్ఎల్‌లోని వెలుగు అంకె కంటి చూపును లెక్కలోకి తీసుకోదు మరి. శాతం అన్న మాట లేకపోవడంతో కోడ్ రాయనివాళ్లకు రెండో పాదం కొరుకుడు పడదేమో.

పాతచూపు: సాపేక్ష కాంతి (కంటికి తోచే వెలుగు; నలుపుకు 0, తెలుపుకు 1) లెక్కగడితే ఆ పసుపుకు 0.56, నీలానికి 0.10 వస్తుంది. రంగులు చెప్పే మరో పద్ధతి ఓకేఎల్‌సీహెచ్‌లో అయితే ఈ సమస్య ఇంత సులభంగా పూరించలేరు. అక్కడ వెలుగు అంకె కంటికి చాలావరకు దగ్గరగా ఉంటుంది. నా ఓటు రంగవల్లి గారికి, మూడో పాదం వరకైతే నీలాంబరి గారికి.