అప్‌డేట్: తెనాలిలో ఒంటరిగా ఉన్న అమ్మ సంగతి

మతిమరుపు మొదలైన అమ్మను (76) హైదరాబాద్ తీసుకురావాలా, తెనాలిలోనే ఉంచాలా అని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. అక్కడే ఉంచాం. ఇల్లు మారితే అయోమయం పెరగొచ్చని డాక్టర్ కూడా అన్నారు.

పగలు ఒకావిడ వస్తుంది, రాత్రి పిన్ని కూతురు తోడు పడుకుంటుంది. తనకీ జీతం ఇస్తున్నాం. చుట్టరికం మీద ఎన్నాళ్లని చేయించుకుంటాం? అసలు గొడవ డబ్బు దగ్గర కాదు, తెనాలి నుంచి వచ్చే ఫోన్ ఎవరెత్తాలన్న దగ్గర వచ్చింది. ఇప్పుడు పగలు నేను, అర్ధరాత్రి డాలస్ అన్నయ్య (వాడికప్పుడు పగలే).

ఆయుష్మాన్ వయ వందన కార్డు (పెద్దవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య కార్డు) తీసుకున్నాం. 70 నిండితే ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం ఉచితం. ఇంట్లో చూసుకునే మనిషి జీతానికి మాత్రం పైసా రాదు.

ఆ పోస్టు కింద పవర్ ఆఫ్ అటార్నీ (అమ్మ తరఫున సంతకాలు, లావాదేవీలు చేసే అధికారపత్రం) చాలన్నవాళ్లకు: మతి పూర్తిగా తప్పితే అది చెల్లదట, లాయర్ చెప్పారు. అందుకే అమ్మకు తెలివిడి ఉండగానే బ్యాంకు ఖాతాలో నా పేరు చేర్పించాం. వీలునామా సంగతి దసరాకు అన్నయ్య వచ్చాక.