ఖోఖో ఆడే బిడ్డకు యోగా చేయిస్తే ఆటలో బుర్ర నిలుస్తుందా?

దేవరకొండ_నాన్న:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బిడ్డ తొమ్మిదో తరగతి, మూడేళ్ల నుంచి ఖోఖో ఆడుతోంది. పరుగులో ఎవరికీ తీసిపోదు, పోల్ దగ్గర తిరగడం కూడా మంచిగనే ఉంటుంది. బాధల్లా ఛేజింగ్‌లో కూర్చున్నప్పుడే. వెనక నుంచి 'ఖో' పడకముందే లేచిపోతుంది, ఫౌల్. ఒకట్రెండు ఫౌల్స్ పడ్డాక భయంతో బిగుసుకుపోయి, ఖో పడ్డా లేవడానికి ఆలస్యం చేస్తుంది. మొన్న నల్గొండలో సెలక్షన్స్‌కు పోతే ఒక్క టర్న్‌లోనే మూడుసార్లు విజిల్ పడింది, ఇంటికొచ్చే బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

వాళ్ల పీఈటీ సార్ "కాళ్లల్లో లోపం లేదు, మనసు నిలవట్లేదు, యోగా పెట్టించండి" అంటున్నారు. ఇక్కడ ఒకాయన నేర్పుతాడు, నెలకు వెయ్యి, పొద్దున ఐదుకు రమ్మంటాడు. ఈమె హోంవర్క్ అయ్యి పడుకునేసరికే పదకొండు. యోగాతో నడుము వంగుతుంది, నిజమే, కానీ ఆటలో దృష్టి, ఆలోచన ఇవన్నీ పెరుగుతాయా లేక ఊరికే అనే మాటేనా? ఆటగాళ్లకు చేయించి చూసినవాళ్లు ఉంటే చెప్పండి.

పాలమూరు_స్మాషర్:
అన్నా, నేను కాలేజీలో వాలీబాల్ ఆడిన, మా కోచ్‌కు యోగా పిచ్చి. మ్యాచ్‌కు ముందు అరగంట ఆసనాలే, పశ్చిమోత్తానాసనంలో నిమిషాలకు నిమిషాలు వంగి కూర్చోబెట్టేవాడు. మనసు ప్రశాంతంగా ఉండేది, కాదనను. నెట్ దగ్గర ఎగరబోతే మాత్రం కాళ్లల్లో స్ప్రింగ్ తీసేసినట్టు ఉండేది. తర్వాత తెలిసింది, కండరాన్ని నిమిషానికి మించి లాగి పట్టి ఉంచితే కాసేపు దాని బలం తగ్గుతుందట. మ్యాచ్ ముందు మాత్రం వద్దు. వెయ్యి రూపాయలు పెట్టి గుడ్లు, పల్లిపట్టీలు కొనివ్వడం మేలని నా మాట.

శ్వాస_లెక్క:
స్మాషర్ తమ్ముడు మ్యాచ్ ముందు గురించి చెప్పింది నిజమే, పల్లిపట్టీలు కూడా నిజమే. అంతమాత్రాన యోగాను పక్కన పెట్టనక్కర్లేదు. నేను ఫిజియాలజీ చదివిన, కొంచెం వివరంగా రాస్తా, ఓపికతో చదవండి అన్నా.

పుదుచ్చేరి జిప్‌మర్ మెడికల్ కాలేజీలో 1992లో వచ్చిన ఒక అధ్యయనంలో 27 మంది విద్యార్థులకు 12 వారాలు యోగా చేయించారు. లైటు కనిపించగానే బటన్ నొక్కే సమయం సగటున 270 మిల్లీ సెకన్ల నుంచి దాదాపు 225కు తగ్గింది, శబ్దానికి స్పందించేది 194 నుంచి 157కు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా. కాకపోతే వాళ్లు ఆటగాళ్లు కాదు, పైగా ఇలాంటి పరీక్ష రెండోసారి చేస్తే చేయి అలవాటుపడి కూడా కొంత తగ్గుతుంది. ఎండలో, విజిళ్ల మధ్య, మోకాళ్ల మీద కూర్చున్న పిల్లకు అదే లాభం వస్తుందని దీన్ని చూసి చెప్పలేం.

అసలు మీ బిడ్డకు వేగం తక్కువ కాదు. తొందరను ఆపుకోవడం రావట్లేదు. ఈ రెండూ మెదడులో వేరు వేరు పనులు. 'ఎరుపు' అనే మాటను నీలి రంగులో రాసి, అది ఏ రంగులో ఉందో చెప్పమంటే నోటికి ముందు 'ఎరుపు' అనే వస్తుంది, దాన్ని ఆపి 'నీలం' అనాలి. స్ట్రూప్ పరీక్ష అంటారు, 1935 నాటిది. ఖోఖోలో కూర్చున్నవాళ్లది అచ్చం ఇదే అవస్థ, రన్నర్ కళ్ల ముందే పోతుంటే ఒళ్లంతా లెమ్మంటుంది, ఖో పడేదాకా లేవకూడదు. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు 2013లో కాలేజీ అమ్మాయిల మీద చేసిన పరీక్షలో, ఒక్క ఇరవై నిమిషాల యోగా తర్వాత ఈ ఆపుకునే పని, ఒక విషయాన్ని కాసేపు మనసులో పెట్టుకునే పని రెండూ మెరుగ్గా కనిపించాయి, అంతే సేపు ట్రెడ్‌మిల్ మీద నడిచినప్పటి, జాగింగ్ చేసినప్పటికంటే. అయితే అది ఆ పూట సంగతి, నెలల తరబడి నిలుస్తుందని కాదు.

నా లెక్కలో ఆమెకు అన్నిటికంటే పనికొచ్చేది ఊపిరి. పీల్చేదానికంటే వదిలేది నిదానంగా, పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది, భయంతో బిగుసుకున్న ఒళ్లు వదులవుతుంది. ఫౌల్ పడ్డాక ఆమెకు కావాల్సింది ఇదే. భస్త్రికలు (వేగంగా, బలంగా ఊపిరి పీల్చి వదిలే ప్రాణాయామం), ఊపిరి బిగపట్టడాలు ఇప్పుడే వద్దు. ఇక పదకొండుకు పడుకున్న పిల్లను ఐదుకు ముందే లేపడం మాత్రం అస్సలు వద్దన్నా! ఆ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర కోసి యోగా చేయిస్తే ఒక చేత్తో ఇచ్చి రెండు చేతులా గుంజుకున్నట్టే.

నాగర్‌కర్నూల్_పీఈటీ:
శ్వాస_లెక్క మేడమ్ చెప్పినదానికి గ్రౌండ్ వైపు నుంచి కొంచెం కలుపుతా. ఖో అంటే వీపు మీద చేయి తగలాలి, మాట వినపడాలి. పిల్లలు ఈ రెంటినీ వదిలేసి రన్నర్‌ను చూసి లేస్తారు, లేదంటే పక్కవాళ్ల అరుపు విని లేస్తారు. నేను పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి వెనక నుంచి "గో", "పో", "రో" అని అరుస్తా, ఒక్కోసారి చేయి తగిలిస్తా గానీ ఖో అనను. లేచినవాళ్లు గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్. మొదటి వారం అందరూ రౌండ్లే, నవ్వులే నవ్వులు. తర్వాత ఎవరూ కదలరు. యోగాతో మనసు కుదురుకుంటుందేమో గానీ ఖో కోసం ఆగడం ఖో దగ్గరే నేర్చుకోవాలి.

దానికి ఊపిరిని జతచేయండి. ఛేజర్ అవతలి పోల్ వైపు పోయినప్పుడు కూర్చున్నవాళ్లకు కొన్ని సెకన్లు దొరుకుతాయి, అప్పుడు ఒక పొడవాటి ఊపిరి వదలమనండి. కళ్లు మాత్రం మూయొద్దు, మా ఒక పిల్ల ధ్యానంలోకే పోయింది, ఖో ఇచ్చినా తెలియలేదు!

ఇంకో మాట, రక్తం పరీక్ష చేయించారా? ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ, అది ఉంటే దృష్టి నిలవదు, దానికి యోగా మందు కాదు. మన ఎండలకు నీళ్లు తాగకుండా ఆడినా అంతే. ఇంట్లోనే కొలవాలంటే 30 సెంటీమీటర్ల స్కేల్ తీసుకుని ఆమె వేళ్ల మధ్య సున్నా దగ్గర నిలబెట్టి చెప్పకుండా వదలండి. 20 దగ్గర పట్టుకుంటే సుమారు 200 మిల్లీ సెకన్లు, 15 దగ్గరైతే 175. పదిసార్లు చేసి సగటు తీయండి.

దేవరకొండ_నాన్న:
ఆరు వారాల తర్వాత వస్తున్నా, ఏమనుకోవద్దు. రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది, తక్కువే, డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. పొద్దున క్లాసు వద్దనుకున్నాం. సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చాక ఇంట్లోనే ఇరవై నిమిషాలు, నాలుగు ఆసనాలు, ఊపిరి. పదింటికి లైటు బంద్. వాళ్ల అమ్మ రోజూ వంట చేస్తూనే వెనక నుంచి "గో" అని అరుస్తుంది.

స్కేల్ లెక్క పెద్దగా మారలేదు, 21 ఉండేది 19 అయింది. మండలం మ్యాచ్‌లో మాత్రం ఒక్కటే ఫౌల్, అది కూడా రెండో ఇన్నింగ్స్‌లో. మాత్రలా, నిద్రా, యోగానా, వాళ్లమ్మ అరుపులా, ఏది పనిచేసిందో నాకు తెలియదు, అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన. స్మాషర్ తమ్ముడూ, పల్లిపట్టీలు కూడా నడుస్తున్నాయి. స్కేల్‌ను మా చిన్నోడు బ్యాట్ చేసుకుని విరగ్గొట్టిండు, ఆదివారం అంగట్లో కొత్తది కొనాలి.