శ్రీశైలం ముంపు ఊళ్ల అప్పగింతల పాట: చివరి చరణం ఎవరికైనా తెలుసా?

శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఖాళీ చేయించిన ఊళ్లలో మాదీ ఒకటి. అప్పటి కర్నూలు జిల్లా వైపు, సంగమేశ్వరానికి దగ్గర. తాతయ్య రాసుకున్న నోటుపుస్తకం, అవ్వ పాడిన క్యాసెట్టు నా దగ్గర ఉన్నాయి. రెండూ కలిపి చిన్న పుస్తకంగా వేయాలని కూర్చుని ఒకచోట ఆగిపోయాను.

నోటుపుస్తకం నిండా లెక్కలే: ఎన్ని దూలాలు విప్పారు, ఎన్ని బండ్లు కట్టారు, నష్టపరిహారం ఎన్ని విడతల్లో వచ్చింది. ఏడుపు అన్న మాటే లేదు. పాటలో ఒక్క లెక్కా లేదు. వరస అప్పగింతల పాటదే, కానీ అత్తవారింటికి వెళ్లేది పెళ్లికూతురు కాదు, ఊరు. కృష్ణమ్మను అత్తగారిని చేసి వేపచెట్టును, చేదబావిని, రోలును ఒక్కొక్కటిగా ఆమె చేతిలో పెడుతుంది అవ్వ.

నాలుగో చరణం మొదలయ్యాక, 4 నిమిషాల 10 సెకన్ల దగ్గర టేపు నలిగి గొంతు మునిగిపోతుంది. (అదీ మునగాలా!) టేపు శుభ్రం చేయించి రెండు ప్లేయర్లలో విన్నాను. కంప్యూటర్‌లోకి ఎక్కించి, రొద తగ్గించి, వేగం సగానికి దించాను. ‘గుడి’, ‘దీపం’ అన్న రెండు మాటలే తెలిశాయి. పునరావాస కాలనీలో ముగ్గురు పెద్దవాళ్లను అడిగితే మొదటి మూడు చరణాలే పాడారు. గ్రంథాలయంలో దొరికిన జానపద గేయ సంకలనాల్లో పెళ్లి అప్పగింతలే ఉన్నాయి. ఊహించి పూరించవచ్చు, కానీ అవ్వ గొంతులో నా మాటలు పెట్టలేను.

ఊరిని కృష్ణమ్మకు అప్పగించే ఈ పాటలో గుడి, దీపం వచ్చే చరణం మీ ఇంటి పెద్దలెవరికైనా గుర్తుందా?