విజయవాడ కీబోర్డు అమెరికాకు మోసుకురావాలా? పాత పాలీ-800 గురించి

పటమట, విజయవాడ నుంచి:

అన్నలకు, అక్కలకు నమస్కారం. చదువు కోసం న్యూజెర్సీ వస్తున్నాను. ఇక్కడ దసరా పందిళ్లలో, పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తుంటాను. నా 61 మెట్ల కీబోర్డు వెంట తెచ్చుకోనా, అక్కడే ఏదైనా కొనుక్కోనా?

ఎడిసన్ నుంచి:

తమ్ముడూ, దాన్ని ఇంట్లోనే ఉంచి రా. చాలా విమానాల్లో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే అదనంగా కట్టించుకుంటారు. గట్టి కేసులో పెట్టిన 61 మెట్ల కీబోర్డు ఆ లెక్కలో ఇమడదు. పైగా ఇక్కడ కరెంటు 120 వోల్టులు. అడాప్టరు మీద 100-240 అని రాసి లేకపోతే ట్రాన్స్‌ఫార్మరు ఒకటి తోడు.

వచ్చాక కోర్గ్ పాలీ-800 వెతుక్కో. 1983 నాటి సింథసైజరు. 49 మెట్లు, బరువు ఐదు కిలోల లోపే. పట్టీ తగిలించుకుని గిటారులా నిలబడి వాయించవచ్చు. ఆరు బ్యాటరీలు వేస్తే కరెంటే అక్కర్లేదు. మనవాళ్ల వనభోజనాలు ఇక్కడ పార్కుల్లో జరుగుతాయి, ప్లగ్గు ఎక్కడుందో వెతకడమే సగం పని. ఆ కాలపు రోలాండ్ కంపెనీ జూనో సింథసైజర్ల కోసం అందరూ ఎగబడతారు గానీ దీన్ని ఆటబొమ్మలా చూస్తారు. మనకు అదే లాభం, వాటికంటే చాలా చవగ్గా వస్తుంది.

చిన్నచూపుకు కారణం లేకపోలేదు. ఎనిమిది స్వరాలు ఒకేసారి పలుకుతాయి, కానీ అన్నిటికీ కలిపి ఫిల్టరు, అంటే ధ్వని పదునును తగ్గించి పెంచే భాగం, ఒక్కటే. ఆ ఫిల్టరును 'మల్టీ' అనే అమరికలో ఉంచితే కొత్త మెట్టు నొక్కిన ప్రతిసారీ, అప్పటికే మోగుతున్న స్వరాలు కూడా మళ్లీ 'వావ్' అంటాయి. సింగిల్‌లో ఉంచితే వేళ్లన్నీ ఎత్తి మళ్లీ నొక్కినప్పుడే ఫిల్టరు కొత్తగా మొదలవుతుంది. వయొలిన్ల గుంపు లాంటి ధ్వని కావాలంటే ఫిల్టరును పూర్తిగా తెరిచి వదిలెయ్. స్వరం ఎలా లేవాలి, ఎలా ఆగాలి అన్నది ఒక్కో స్వరానికి విడిగా ఉన్న ఎన్వలప్‌తోనే దిద్దుకో. ఒక్కో మెట్టుకు రెండు ధ్వనులు కలిపి పలికించే 'డబుల్' అమరిక పెడితే ధ్వని చిక్కబడుతుంది, కాకపోతే ఎనిమిది స్వరాలు నాలుగవుతాయి.

గమకాలకు ఎడమచేతి దగ్గర జాయ్‌స్టిక్ ఉంది. స్వరం ఎంత జారాలో నిర్ణయించే బెండ్ నాబ్ బాగా తగ్గించి పెట్టుకుంటే కల్యాణి పరవాలేదు. కానీ ఒత్తి పట్టుకున్న స్వరాలన్నీ దాంతోపాటే జారతాయి. రాగం పలికేటప్పుడు కుడిచేత్తో ఒక్క స్వరమే వాయించు.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:

అన్నయ్యగారు దీంట్లో హార్మోనియం లాంటి ధ్వని సంగతి వదిలేశారు. నేను అమెరికాలో కొన్న పాలీ-800ను ఇంటికి తెచ్చుకుని ఇప్పుడు పద్యనాటకాలకు వాయిస్తున్నాను. ఇందులో 16, 8, 4, 2 అడుగుల స్వరాలను, అంటే ఒకదానికంటే ఒకటి ఒక్కో స్థాయి పైన పలికేవాటిని, ఆర్గన్‌లో లాగా విడివిడిగా కలుపుకోవచ్చు. 16, 8 మాత్రం ఉంచి, ధ్వనిని అలలాడించే కోరస్ ఆపేస్తే పద్యగాయకుడికి ఇబ్బంది లేని శ్రుతి వస్తుంది. మెట్టు ఎంత గట్టిగా నొక్కినా ఒకే ధ్వని అని కొందరు తీసిపారేస్తారు. హార్మోనియం మెట్టు మాత్రం ఎప్పుడు విన్నది మన వేలి బలం?

కొనేముందు బ్యాటరీ మూత తీయించండి తమ్ముడూ. లోపల స్ప్రింగుల మీద పచ్చటి పొక్కు, తెల్లటి పొడి కనిపిస్తే బేరం బాగా తగ్గించండి, లేదా వదిలేయండి. ఎనిమిది మెట్లు ఒకేసారి నొక్కి ఎనిమిదీ పలుకుతున్నాయో లేదో వినండి. అడాప్టరు 9 వోల్టులది, ధన రుణాలు సరిగా ఉన్నాయో చూశాకే గుచ్చండి.

యంత్రంలో దాచుకున్న 64 ధ్వనుల అమరికలను కాపాడేది ఆ ఆరు బ్యాటరీలే. సి సైజువి, మన టార్చిలైట్ల లావు వాటికంటే ఒక సైజు చిన్నవి. వాటిని మార్చేటప్పుడు అడాప్టరు పెట్టే ఉంచాలి, లేకపోతే అన్నీ చెరిగిపోతాయి. ఆ అమరికలను క్యాసెట్‌లో దాచుకోవడానికి వెనక టేపు జాక్ ఉంది. అందులోంచి వచ్చే కీచుశబ్దాన్ని కంప్యూటర్లో రికార్డు చేసి దాచుకోండి. ఎంపీ3గా కుదించవద్దు, తిరిగి ఎక్కించేటప్పుడు మొరాయించవచ్చు.