తిమింగలాల కోసం చేపల వేట ఆపేయాలా?

ఉప్పుగాలి:
నా మాట సూటిగా చెప్తాను. తిమింగలాలు తిరిగే చోట తాళ్లూ వలలూ వేయడం ఆపేయాలి, అంతే. ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్ అనే జాతి తిమింగలాలు మొత్తం లెక్కేస్తే 400 కూడా లేవు, అందులో 85 శాతానికి పైగా ఒక్కసారైనా తాళ్లలో చిక్కి మచ్చలు పడ్డవే. 2021 డిసెంబరులో స్నో కోన్ అనే తిమింగలం జార్జియా తీరం దగ్గర కనిపించింది, తాడు ఈడ్చుకుంటూ ఈదుతోంది, పక్కనే అప్పుడే పుట్టిన పిల్ల. మరుసటి సెప్టెంబరుకి ఒంటిమీద కొత్త తాడు చేరింది, పిల్ల పక్కన లేదు. ఇంకా చర్చ దేనికి?

తెడ్డు:
ఉందండీ చర్చ. ఆ తాడు వేసినవాడు దాన్ని చంపుదామని వేయలేదు. పీతలు పట్టే బుట్ట సముద్రం అడుగున ఉంటుంది, పైకి లాగాలంటే తాడు కావాలి. ఆపేయమనడం తేలిక, పడవ అప్పుకి వడ్డీ ఎవరు కడతారు? పెద్ద ఓడలు గుద్దితే చచ్చేవి తక్కువా? అన్నిటికీ చిన్న పడవ వాడే దొరికాడా?

నీలిమబ్బు:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు, నీళ్లు వేడెక్కడం. రైట్ వేల్ మేత కాలనస్ అనే బియ్యపు గింజంత జీవి. 2010 తర్వాత అమెరికా ఈశాన్యంలో మెయిన్ సింధుశాఖ వేడెక్కేసరికి ఆ మేత తగ్గిపోయింది, తిమింగలాలు తిండి వెతుక్కుంటూ కెనడాలో సెయింట్ లారెన్స్ సింధుశాఖకి వెళ్లాయి. అక్కడేమో ఓడల దారి, పైగా స్నో క్రాబ్ అనే పీతల వేట, వాటిని కాపాడే రూల్స్ మాత్రం లేవు. 2017లో రెండు దేశాల్లో కలిపి 17 చచ్చాయి. ఇక్కడ వేట వద్దని మనం మ్యాపు మీద గీసిన గీత అక్కడే ఉంది, తిమింగలం లేచి పోయింది!

పడమటి తీరంలోనూ ఇదే కథ. 2015లో సముద్రం బాగా వేడెక్కి విషపు నాచు పెరిగింది, దాంతో కాలిఫోర్నియాలో పీతల సీజన్ నవంబరులో మొదలవకుండా తర్వాతి వసంతానికి జరిగింది. సరిగ్గా అప్పుడే హంప్‌బ్యాక్ తిమింగలాలు చిన్న చేపల కోసం ఒడ్డు దగ్గరికి వచ్చాయి. తాళ్లలో చిక్కుకోవడం ఒక్కసారిగా పెరిగింది. ఇందులో జాలరి తప్పెంత?

అందుకే వేటకి మూసే చోటు కూడా తిమింగలంతో పాటు కదలాలి. తిమింగలం కనిపించినా, నీళ్లలోని మైకుకి దాని గొంతు వినిపించినా ఆ ముక్క 15 రోజులు మూసేయడం కెనడాలో చేస్తున్నారు. ఓడలకీ స్పీడు తగ్గించారు, తెడ్డు గారూ.

తెడ్డు:
సీజనే కొన్ని వారాలు, అందులో 15 రోజులు పోతే మిగిలేదేంటి?

ఉప్పుగాలి:
తాడు లేని బుట్టలు వచ్చాయిగా, వాడండి మరి.

నీలిమబ్బు:
వచ్చాయి. పడవలోంచి శబ్దం పంపితే అడుగున ఉన్న కొక్కెం విడిపోయి, తాడు కట్టిన బెండు అప్పుడే పైకి తేలుతుంది, అందాకా నీళ్లలో తాడు వేలాడదు. లేదా గాలి సంచి ఉబ్బి బుట్టనే లేపుతుంది. ఐడియా బాగుంది కానీ నీటి మీద గుర్తేమీ ఉండదు కదా, పక్క పడవ వాడు చూడకుండా మీ బుట్టల మీదే తన బుట్టలు వేసేస్తాడు. అందరి స్క్రీన్ మీదా అందరి బుట్టలూ కనపడాలి. ఖర్చు కూడా మామూలు బుట్టకి ఎన్నో రెట్లు. ఆ ఖర్చు జాలరి నెత్తిన పడేస్తే ఒక్కడూ కొనడు, నేనైనా కొనను.

తెడ్డు:
ఈ మాట ముందే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు. నిషేధంతోనే పనయ్యేదుంటే మెక్సికోలో వకీటా, అదే డాల్ఫిన్‌లాంటి చిన్న సముద్ర జీవి, ఎప్పుడో బతికిపోయేది. అది చిక్కి చచ్చే గిల్ నెట్ అనే వలని 2017లో అక్కడ శాశ్వతంగా నిషేధించారు, ఇప్పుడు మిగిలినవి పదికి అటూ ఇటూ. ఆ వలలు వేసేది టోటోబా అనే చేప కోసం, దాని గాలి తిత్తి చైనాలో అంత రేటు పలుకుతుంటే రాత్రిపూట వల వేసేవాడు ఆగుతాడా?

ఉప్పుగాలి:
వకీటా విషయంలో ఒప్పుకుంటాను, కొనేవాణ్ణి పట్టకుండా వలలు పీకుతూ కూర్చుంటే లాభం లేదు. కానీ రైట్ వేల్ దగ్గర నా మాట అదే, బుట్టలు మారేదాకా మూసివేత ఉండాల్సిందే.

తెడ్డు:
ఉండనివ్వండి. ఆ 15 రోజులకి కూలి ఇస్తామని కాగితం మీద రాసి ఉండాలి, అంతవరకే నా పట్టు.