జానపద సినిమాలో జానపదులేరీ?

"జానపద సినిమా అంటే పల్లెటూరి సినిమానా?" అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. మా మేనకోడలు కూడా పోయిన వారం ఇదే అడిగిందండీ. ఫోన్‌లో "జానపదం" అని కొడితే వరసగా తెలంగాణ పల్లె పాటలొచ్చాయట. డప్పులున్నాయి, చిందులున్నాయి, కత్తియుద్ధం మాత్రం ఒక్కటీ లేదు.

దాని అనుమానం సబబే. జనపదం అంటే జనం కాపురముండే ప్రాంతం, జానపదుడంటే అక్కడి మామూలు మనిషి. మరి గుహలూ మాంత్రికులూ రాజకుమార్తెలూ ఉన్న సినిమాకి ఆ పేరెలా అతికింది?

నాకు తోచిన జవాబు 'పాతాళభైరవి' (1951) దగ్గర దొరికింది. దాని కథకి మూలం మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు'. అందులో మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్తూ మజిలీకో కథ చెబుతాడు. వినేది ఎవరు? తోడుగా వచ్చిన గొల్లపిల్లవాడు! అడిగిన కథ చెప్పాలన్న షరతు మీదే వాడు ఊరు దాటాడు. కథలో రాజులుంటే ఉండనీండి, అది పశువులు కాసుకునే కుర్రాడి కోసం చెప్పిన కథ. సినిమాలోనూ హీరో తోటరాముడు తోటమాలి కొడుకే కదా.

'జగదేకవీరుని కథ' (1961)లో హీరో రాజకుమారుడే అంటారేమో. నిజమే. అయినా కథ చెప్పే తీరు అదే: "అనగనగా" అని మొదలుపెట్టి, వినేవాడు నోరు తెరుచుకుని కూర్చునేలా చెప్పడం. అందుకే 'బాహుబలి'ని (2015) ఎవరైనా చారిత్రకం అంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మాహిష్మతి అనే నగరం చరిత్రలో ఉంది గానీ ఆ కథ మొత్తం కల్పితం. అది నిఖార్సయిన జానపదం. ఫాంటసీ అన్నా తప్పులేదు, కానీ ఆ మాటలో గొల్లపిల్లవాడు కనిపించడు.

జానపదాలంటే నాకు ఇంత ఇష్టం ఉండటానికి వాటి భాష కూడా కారణం. "డింభకా" తీసుకోండి. చిన్నపిల్లవాడని అర్థమిచ్చే సంస్కృతం మాట. 'పాతాళభైరవి'లో పింగళి నాగేంద్రరావుగారు రాసి, మాంత్రికుడిగా ఎస్వీ రంగారావుగారు పలికాక ఇంటింటి మాటైపోయింది. అటక మీంచి ఆవకాయ జాడీ దించాలంటే మా నాన్న "ఎక్కరా డింభకా" అనేవారు. ఆయన ఏ నిఘంటువూ తిరగేసిన మనిషి కాదు.

మామూలు జనజీవితం మీద తీసే సినిమాలకి పెట్టిన "సాంఘికం" అన్న మాట మీద మాత్రం నాకంత మమకారం లేదు. 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) వంటి వాటికి ఆ పేరు అక్షరాలా తగింది, ఒకటి కులం సంగతి, ఇంకోటి జమీందారీ సంగతి. తర్వాత తర్వాత పంచె, చొక్కా, చీరలతో మనుషులు కనిపించే ప్రతి సినిమా సాంఘికమే అయింది. 'గుండమ్మ కథ' (1962) ఎన్నిసార్లయినా చూస్తాను, కానీ అది ఒక ఇంటి కథ. అన్నిటికీ వాడేసరికి ఆ మాటలో పదును పోయింది.

మా నాయనమ్మ ఈ పేర్లేవీ వాడేది కాదు. ఆవిడకి జానపదమంటే "కత్తియుద్ధాల సినిమా", పౌరాణికమంటే "దేవుడి సినిమా". మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏమనేవారో, ఏ ఊరో కూడా చెప్పి రాయండి.