మూడో బిడ్డకు యాభై వేలిస్తే కంటారా?

గుణుపురం_కుర్రాడు:
మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లాడు పుడితే ఆవు, దూడ తన జీతంలోంచి ఇస్తానని విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు 2025 మార్చిలో అన్నారు కదా. అంతకుముందే, 2024 నవంబరులో, ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలును ఆంధ్రలో ఎత్తేశారు. ఇవతల మన ఒడిశాలో 2022 పంచాయతీ ఎన్నికలు ఆ రూలుతోనే జరిగాయి. మా ఇంట్లో రోజూ ఇదే గోల. డబ్బిస్తే జనం కంటారంటారా?

పర్లాకిమిడి_మాస్టారు:
ఇవ్వడం మంచిదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రలో 1.7, ఒడిశాలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. రేపు పెన్షన్లకు పన్ను కట్టేవాడెవడు? మా వీధిలో సగం ఇళ్లలో ముసలి దంపతులే, పిల్లలంతా హైదరాబాదులో. మా అమ్మ ఐదుగురిని పెంచలేదా? గంజి తాగైనా పెంచింది.

నాగావళి_నర్సు:
మాస్టారూ, ఆ గంజి లెక్క ఇప్పుడు కుదరదు. అప్పటి పిల్లలు పదేళ్లకే పొలంలో చేతికి అందొచ్చేవారు. ఇప్పుడు పాతికేళ్లదాకా పెట్టుబడే. ఫీజుల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. అసలు ఖర్చు తల్లి జీతం.

నేను రాయగడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. జీతం 17 వేలు. మొదటి పురుడు బొబ్బిలిలో మా అమ్మావాళ్లే పోశారు. ఆసుపత్రి బిల్లు, కాయం, సారె అన్నీ వాళ్ల నెత్తినే పడ్డాయి, మా ఇంటి లెక్కలోకి రానే లేదు. రెండోదాని మాట వచ్చినప్పుడు మాత్రం మా ఆయన కాగితం, పెన్ను తీశారు. ఇద్దరినీ చూసే మనిషికి 8 వేలు, ఆటోకి 1,500, నైట్ డ్యూటీలు మానితే పోయేది 3 వేలు. మిగిలేది 4,500. “దీనికింత టెన్షన్ ఎందుకు, మానెయ్” అన్నారు. ఆ కాగితంలో లేనిది ఒకటుంది. నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని వెళ్తే మళ్లీ కొత్తగా చేరినవాళ్ల జీతమే ఇస్తారు. పీఎఫ్ ఆగిపోతుంది. ఆ వెనకబాటు రిటైరయ్యేదాకా వదలదు. దాని ముందు 50 వేలు ఏ మూలకి? ఆవైతే మేత కూడా మేమే కొనాలి.

చట్టం చూస్తే ఇంకా నవ్వొస్తుంది. 2017 సవరణలో జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు చేశారు. మూడో బిడ్డకి 12 వారాలే.

గుణుపురం_కుర్రాడు:
అక్కా, ఆడవాళ్లకి ఉద్యోగాలొచ్చాకే విడాకులు ఎక్కువయ్యాయని మా బాబాయ్ వాదన. ఇంటిపట్టున ఉంటే కాపురమూ నిలుస్తుంది, పిల్లలూ పుడతారట.

నాగావళి_నర్సు:
మీ బాబాయ్ గారు తిరగేసి చూస్తున్నారు. ఇద్దరూ ఒప్పుకున్న విడాకులకే ఏడాది విడిగా ఉండాలి, కేసు వేశాక ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, అది వేరే సంగతి. ఒకరు మొండికేస్తే ఏళ్లకేళ్లు. మనోవర్తి చేతికొచ్చేదాకా తిండెవరు పెడతారు? ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకంలో ఏడాదికి 10 వేలు వస్తాయి, సంతోషమే. నెలకి 833 రూపాయలు పడతాయి, అద్దెకి చాలవు. అందుకే నాతో చేసే పిల్లలు ఉద్యోగం వదలరు. కాపురం చెడగొట్టుకుందామని కాదు, చెడితే రోడ్డున పడకూడదని. పిల్లలా, జీతమా అని తేల్చుకోమంటే రెండో కాన్పే వాయిదా పడుతుంది. ఇక మూడోదెక్కడ?

మజ్జిగౌరమ్మ_భక్తుడు:
అసలు పెళ్లిళ్లే అవక చస్తుంటే మూడో బిడ్డట! మా తమ్ముడికి 34. పార్వతీపురం సంబంధం అన్నీ కుదిరి చివర్లో తప్పింది. కారణం, అమ్మాయి ఆంధ్ర బీసీ సర్టిఫికెట్ ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కి పనికిరాదు. గ్రూప్స్‌కి చదువుతున్న పిల్ల, ఎందుకొస్తుంది? దక్షిణ కొరియావాళ్లు ఏళ్ల తరబడి డబ్బు కుమ్మరించినా ఒక్కో స్త్రీకి సగటు పిల్లల లెక్క 2023లో 0.72కి పడిపోయింది. 2024లో 0.75కి లేచింది, అదీ పెళ్లిళ్లు కాస్త పెరిగాకే.

పర్లాకిమిడి_మాస్టారు:
మరి ఏం చెయ్యమంటావమ్మా? ఆరు నెలల పసిగుడ్డుని క్రెష్‌లో, అదే పసిపిల్లల్ని చూసుకునే చోట, పరాయివాళ్లకి అప్పజెప్పాలా?

నాగావళి_నర్సు:
ఇప్పుడు అప్పజెబుతున్నదీ పరాయి మనిషికే మాస్టారూ, అదీ తలుపులేసిన ఇంట్లో, చూసేవాళ్లెవరూ లేకుండా. అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండాకే, అదీ మధ్యాహ్నంతో సరి. నేను డ్యూటీ దిగేసరికి రాత్రి ఎనిమిది. యాభై మంది పనిచేసేచోట క్రెష్ పెట్టాలని ప్రసూతి సెలవు పెంచిన అదే 2017 సవరణ చెప్పింది. మా దగ్గర స్టాఫ్ ఎప్పుడు లెక్కపెట్టినా నలభై ఎనిమిదే! కేంద్రం పాల్నా పథకంలోనైతే ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలోనే క్రెష్ నడపొచ్చు. రాయగడ టౌన్లో అలాంటిది ఎక్కడైనా నడుస్తుంటే చెప్పండి. రేపే వెళ్లి చూసొస్తాను. రెండోదాని మాట ఆ తర్వాత.